పెద్దగరిటె తినని గిన్నెడు కూర

అంత సొగసైన పోట్లాట పిన్ని తన డెబ్భై ఏళ్ళ బతుకులో ఇంకోటి చూడలేదు. చూసినవి తక్కువేం కాదు, స్వయంగా చేసినవి అసలు తక్కువ కాదు. అయినా పదకొండేళ్ళ కిందట నూలు మిల్లు క్యాంటీనులో మేనేజరుకీ పెద్దగరిటెకీ జరిగినది తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ నోరూరుతుంది.

మూడు షిఫ్టుల మీద నాలుగొందల మందికి వండే వంటగది అది. పెద్దగరిటె అక్కడ హెడ్డు వంటమనిషి. మోచేయంత పొడుగు గరిటె చేతిలో లేకుండా ఆవిడని చూసినవాళ్ళు లేరు, అందుకని ఆ పేరు. పిన్ని అక్కడ కూరగాయలు తరుగుతుంది. నిజానికి ఆవిడ అక్కడెవరికీ పిన్ని కాదు. వయసులో అందరికంటే పెద్దది, నోరు ఇంకా పెద్దది కనక ఆ వరస కలుపుకుని పిలవడమే క్షేమమని అందరూ అనుకున్నారు.

అప్పుడే కొత్తగా వచ్చిన మేనేజరు ఒక ఉదయం గోడకి ఒక పట్టిక అంటించి, బల్ల మీద వరసగా ఆరు స్టీలు కొలత కప్పులు పెట్టాడు.

"ఇకమీదట ఉప్పు, కారం, నూనె, అన్నీ దీని ప్రకారమే. మాటిమాటికీ రుచి చూడక్కర్లేదు. టైం వేస్టు. చూసేవాళ్ళకి కూడా బాగోదు."

పెద్దగరిటె రుచి చూసే పద్ధతి ఒకటుంది. గరిటె కొసన కాస్త కూర తీసి ఎడమ చేతి వెనక, బొటనవేలికీ మణికట్టుకీ మధ్య ఉన్న చోట వేసుకుంటుంది. అది నాకి, పక్క కుళాయి కింద చెయ్యి కడుక్కుని, ఇంకో గిన్నె దగ్గరికి పోతుంది. గరిటె నోటికి తగిలే ప్రసక్తి లేదు. అదీ ఆయన కంటికి ఆనలేదు.

"అలాగే సార్," అంది పెద్దగరిటె.

పిన్ని గిరుక్కున ఆవిడకేసి తిరిగింది. ఈ మనిషి నోట అలాగే అన్న మాటా!

ఆ మధ్యాహ్నం పెద్దగరిటె మేనేజరుని పిలిచి రెండు గిన్నెల్లోంచి టమాటా కూర ఒక్కో చెంచా పెట్టింది. మొదటిది తిని ఆయన తలూపాడు. రెండోది తినేసరికి మొహం పిండేసిన నిమ్మచెక్కలా అయిపోయింది.

"ఇదేంటి, ఇంత పులుపు?"

"రెండూ మీ పట్టిక ప్రకారమే సార్. రవ్వ ఎక్కువ లేదు, రవ్వ తక్కువ లేదు. మొన్న వచ్చిన టమాటా వేరు, ఇవాళ వచ్చిన టమాటా వేరు. మీ కాగితానికి నాలుకుంటే అదే చెప్పేది."

గిన్నెలు తోమేవాళ్ళు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. పిన్నికి మొహం తిప్పుకునే అలవాటు లేదు, ఎదురుగానే నవ్వింది.

"నా నాలుక మీద పడకుండా ఈ గడప దాటి ఏ గిన్నే పోదు సార్. పోవాలంటే ముందు నేను పోవాలి," అని ముగించింది పెద్దగరిటె.

మేనేజరు పట్టిక తన చేత్తోనే పీకేశాడు. గోడ మీద జిగురు మచ్చలు నాలుగు మిగిలాయి. కొలత కప్పులు పిన్ని వెల్లుల్లిపాయలు వేసుకోడానికి పనికొచ్చాయి.

పెద్దగరిటె ఆ మాట ఊరికే అనలేదు. ఆవిడ ఆ వంటగదిలోకి పంతొమ్మిదో ఏట గిన్నెలు తోమడానికి వచ్చింది. తోమాల్సిన గిన్నెల అడుగున మిగిలిన కూర చూసి ఆ పూట ఏం తప్పు జరిగిందో చెప్పేది. అప్పటి వంటాయన ముందు తిట్టాడు, తర్వాత విన్నాడు, ఆ తర్వాత తను మానేసి వెళ్ళేరోజు గరిటె ఈవిడ చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచీ ప్రతి గిన్నె దగ్గరా రెండుసార్లు, మూడుసార్లు ఆ చేతి వెనక చుక్క పడాల్సిందే. ఎడమ చేతి మీద ఆ చోట చర్మం కూడా కాస్త ఎర్రబారిపోయింది. ఎవరైనా దానికేసి చూస్తే, అదే నా డిగ్రీ అనేది.

అలాంటి మనిషికి మూడేళ్ళ కిందట పేగు జబ్బు పట్టుకుంది. పెద్దపేగు లోపల వాచి, పుండ్లు పడే జబ్బు. పూర్తిగా పోదు. మందులతో నెలల తరబడి అణిగి ఉంటుంది, ఉన్నట్టుండి తిరగబెడుతుంది. తిరగబెట్టినప్పుడు రోజుకి ఎనిమిది, పదిసార్లు పరుగు, నెత్తురు, మెలిపెట్టే నొప్పి. వంటగది నుంచి నడవా చివరి మరుగుదొడ్డి దాకా నలభై రెండు అడుగులు. అవి లెక్కపెట్టింది పెద్దగరిటే. లెక్కపెట్టాల్సిన అవసరం ఎందుకొచ్చిందో పిన్నికి చెప్పకుండానే తెలిసింది.

ఈసారి తిరగబెట్టడం గట్టిగానే తిరగబెట్టింది. ఆసుపత్రిలో మందు మార్చాక, తిండి సంగతి చూసే ఒక చిన్నమ్మాయి దగ్గరికి పంపారు. ఆవిణ్ణి అందరూ డైటు మేడం అంటారు. పిన్ని తోడు వెళ్ళింది.

"ఇది జబ్బుని నయం చేసే తిండి కాదండీ," అంది డైటు మేడం మొదటి మాటే. "నయం చేసేది మందు, అది ఒక్కపూట కూడా మానొద్దు. పేగు నొప్పిగా ఉన్నప్పుడు దానికి పని తగ్గించే తిండి ఇది. తొక్క, గింజ, పీచు, పచ్చి కూరలు కొన్నాళ్ళు పక్కన పెట్టండి. కారం, వేపుళ్ళు వద్దు. ఒక్కసారే కడుపు నిండా తినకుండా కొంచెం కొంచెం ఐదారుసార్లు తినండి. నీళ్ళు బాగా తాగండి. అందరికీ ఒకటే పడదు, అందుకని ఏది పడిందో ఏది పడలేదో రాసుకోండి. తగ్గాక మళ్ళీ ఒక్కొక్కటే కలుపుకుందాం. జన్మంతా ఇదే తినమనట్లేదు."

బయటికి రాగానే పిన్ని మూతి తిప్పింది. "పళ్ళు రాని పిల్లలకి పెట్టే తిండి చెప్పింది. దానికో చదువు!"

"పళ్ళు రాని పిల్లలకైనా రుచిగానే పెట్టాలి పిన్నీ. వాళ్ళకీ నోరుంటుంది, మాట రాదంతే," అంది పెద్దగరిటె.

అన్నట్టే తనకి తను వండుకోవడం మొదలుపెట్టింది, నాలుగొందల మందికి వండినంత పంతంతో. తెల్లన్నం రెట్టింపు నీళ్ళు పోసి మెత్తగా వండేది, కానీ ముద్దయిపోనిచ్చేది కాదు. క్యారెట్టు తొక్క తీసి, నడిమి గట్టి ముక్క కూడా తీసేసి, చెంచా దానంతట అది దిగేదాకా ఆవిరి మీద ఉంచేది. బంగాళాదుంపని అది ఉడికిన నీళ్ళతోనే మెదిపి చిటికెడు ఉప్పు వేసేది. కోడిమాంసం తొక్క తీసి ఉడికించి, పోగులు పోగులుగా విడదీసి, వడకట్టిన ఆ నీళ్ళు గ్లాసులో పోసుకుని వేడిగా తాగేది. గుడ్డు ఉడకబెట్టడంలో కూడా ఒక నిమిషం అటూ ఇటూ కానిచ్చేది కాదు. అరటిపండు బాగా మగ్గిందే తినేది. పిన్ని ఒకరోజు ఆ దుంపలో చెంచా పెట్టి చూసి, మారు మాట్లాడకుండా ఇంకో చెంచా తీసుకుంది. ఆవిడ దగ్గర అంతకు మించిన పొగడ్త ఎవరికీ దొరకదు.

పెద్దగరిటె మొగుడు బస్సు డిపోలో విడిభాగాల స్టోరు చూస్తాడు. మరమేకు పోయినా, వాషరు పోయినా పుస్తకంలో ఎక్కించే మనిషి. పెళ్ళాం తిన్నది రాయడానికి అంతకంటే తగినవాడు దొరకడు. ఉదయం ఆరున్నర, రెండు బ్రెడ్డు ముక్కలు కాల్చినవి. ఎనిమిదింబావు, గుడ్డు ఒకటి. పాలు తాగిన రోజు ఉబ్బరం చేసిందని ఎర్ర సిరాతో గీత. పరుగులెన్ని, నొప్పి ఎంత, అన్నిటికీ గడులు గీశాడు.

"ఈయన నన్ను కూడా బీరువాలో పెట్టి తాళం వేసేట్టున్నాడు," అనేది పెద్దగరిటె.

"వేస్తే వేశాడు, తుప్పు పట్టకుండా చూసుకుంటాడు," అనేది పిన్ని.

ఇంత చేసినా మూడు వారాలు గడిచాయి, తగ్గలేదు. కాస్త తెరిపిచ్చినట్టే ఉండేది, మధ్యాహ్నానికి మళ్ళీ మొదలు. ఏప్రను తాళ్ళు నడుం చుట్టూ రెండు చుట్లు తిప్పి ముందు ముడేసుకునే మనిషి, ఇప్పుడు మూడు చుట్లు తిప్పుతోంది. పొయ్యి మంట ఉన్నట్టుండి తగ్గిందంటే ఆవిడ నడవాలోకి నడిచిందని అందరికీ అర్థమయ్యేది.

ఒకరోజు మేనేజరు వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడేం కాదు, పదకొండేళ్ళలో మంచి కూర ఏదో తెలుసుకున్నవాడు.

"మీరు నెల్లాళ్ళు లీవు పెడితే ఇక్కడ నడిపేవాళ్ళు లేరు. పెట్టకపోతే మీరు పడిపోయేలా ఉన్నారు. పైవాళ్ళు వండిన భోజనం బయటినుంచి వ్యానులో తెప్పిద్దామంటున్నారు. ఈ నెలాఖరుదాకా ఆగమన్నాను. తర్వాత నా చేతుల్లో ఉండదు."

"వ్యానులో వస్తే ఈ పొయ్యిలు?"

ఆయన పొయ్యిలకేసి చూశాడు. వ్యాను ఒకసారి వస్తే పొయ్యిలు మళ్ళీ వెలగవు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

ఆ వారమే డైటు మేడం దగ్గరికి మళ్ళీ వెళ్ళారు. ఆ అమ్మాయి పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది.

"ఇంత బాగా రాసిన పుస్తకం నేనింతవరకు చూళ్ళేదండీ. మీ తిండిలో వంక పెట్టడానికేం లేదు. ఇది కాక ఇంకేమైనా నోట్లోకి పోతోందా? చిరుతిళ్ళు, కాఫీ?"

"మందులు. నీళ్ళు," అంది పెద్దగరిటె తలెత్తి.

అబద్ధం కాదది. పక్కన కూచున్న పిన్ని కూడా అవునవునని తలూపింది. ఏళ్ళ తరబడి వంటగదిలోనే గడిపిన ఆ ఇద్దరికీ, ఆ ప్రశ్నకి ఇంకో జవాబుందని ఆ నిమిషాన తట్టనే లేదు. డాక్టరు మందు మోతాదు పెంచి, పది రోజుల్లో తగ్గకపోతే ఆసుపత్రిలో చేరాల్సి ఉంటుందన్నాడు.

తట్టింది ఆ మర్నాడు. పిన్ని క్యాబేజీ తరుగుతోంది. ఎదురుగా పెద్దగరిటె చిక్కుడు గింజల కూర చేతి వెనక వేసుకుని నాకింది, చెయ్యి కడుక్కుంది. ఆ కడుక్కున్న చెయ్యే పిడికిలి చేసి పొట్టకి అదుముకుంది. మళ్ళీ ఇంకో గిన్నె. మళ్ళీ నాకడం. మళ్ళీ పిడికిలి.

పిన్ని చాకు కింద పెట్టింది. చదువు లేకపోవచ్చు గానీ కళ్ళు ఎక్కడికీ పోలేదు. ఒక చిన్న స్టీలు గిన్నె తీసుకుని ఆ రోజంతా పెద్దగరిటె వెనకే తిరిగింది. ఆవిడ ఏ గిన్నెలోంచి ఎంత తీసి నాకితే, అదే గిన్నెలోంచి అంతే తీసి తన గిన్నెలో వేసుకుంది.

"ఏంటి పిన్నీ, నా తోకలా?"

"నీ పని నువ్వు చూసుకో తల్లీ."

మధ్యాహ్నం రెండింటికి వంటగది సద్దుమణిగాక పెద్దగరిటె సామాన్ల గదిలో బస్తా మీద కూచుని తన డబ్బా విప్పింది. మెత్తటి అన్నం, క్యారెట్టు, గుడ్డు. పిన్ని వచ్చి దాని పక్కన తన గిన్నె పెట్టింది. అది నిండా ఉంది. పైన ఎర్రటి నూనె తేలుతోంది.

"ఇదేంటి?"

"నీ భోజనం."

"నా భోజనం ఇదిగో."

"అది నువ్వు తిన్నది. ఇది నువ్వు తిననిది. పొద్దున్నుంచీ చుక్కా చుక్కా నాకినదంతా ఇదిగో ఇక్కడుంది. మీ ఆయన పుస్తకంలో దీనికి గడి లేదు."

పెద్దగరిటె మొహం కందగడ్డలా అయింది. "రుచి చూడ్డం తినడమా? ఎవరైనా వింటే నవ్వుతారు! ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పని పిన్నీ ఇది. నువ్వు ఉల్లిపాయలు తరుగుతూ ఏడిస్తే ఎవరైనా వచ్చి ఓదారుస్తారా?"

"అది పని అని నీ నాలుకకి తెలుసు. పేగుకి ఎవరు చెప్పారు?"

పెద్దగరిటె చెంచా తీసుకుని ఆ గిన్నెలో కలిపింది. మిరప గింజలు, టమాటా తొక్కలు, చిక్కుడు గింజల మీది పొట్టు, నూనె. క్యారెట్టు నడిమి ముక్క కూడా తీసేసి తినే మనిషి ఆ గిన్నెకేసి చాలాసేపు చూసింది.

"ఇంతా?" అంది చివరికి, చిన్న గొంతుతో.

"గరిటె దులిపినప్పుడల్లా నేను కాస్త తక్కువే వేశా. నీ మీద అభిమానం కొద్దీ."

ఆ సాయంత్రం పెద్దగరిటె డైటు మేడంకి ఫోను చేసింది. ఆ అమ్మాయి అంతా విని జాగ్రత్తగా చెప్పింది. ఇన్నాళ్ళూ తగ్గకపోవడానికి ఇదే కారణమని తను తేల్చలేదట. మందుకి కూడా టైం పడుతుందట. అయితే నొప్పినీ పరుగుల్నీ ఆ కారం, ఆ గింజలు, ఆ నూనె ఎగదోస్తూ ఉండొచ్చట. పేగు కుదుటపడేదాకా ఆ నాకడం ఆపేయాలట.

ఆపేయాలి! పదకొండేళ్ళ కిందట నాలుగొందల మంది పొట్టల మీద ఒట్టేసినట్టు అన్న మాటని ఆపేయాలి.

మూడు రోజులు పెద్దగరిటె పిన్నితో మాట్లాడలేదు. నోట్లో వేసుకుని ఉమ్మేద్దామా అనుకుందట. వంటగదిలో ఉమ్మినందుకు ఒకణ్ణి తనే మెడపట్టి బయటికి తోసిన సంగతి గుర్తొచ్చి ఆ ఆలోచన మానుకుంది. ముక్కుతో, కంటితో, చెయ్యి బరువుతో వండింది. మొదటి రోజు గడిచిపోయింది. రెండో రోజూ గడిచింది. ఆ రెండు రోజులూ మధ్యాహ్నం పరుగులు తగ్గాయి. నడవాలోకి నాలుగుసార్లు వెళ్ళే మనిషి ఒక్కసారే వెళ్ళింది. అది పిన్ని కూడా చూసింది, చూడనట్టు ఉల్లిపాయలు తరిగింది.

మూడో రోజు నూలు చిలపలు చుట్టే రీలింగు విభాగం నుంచి ఒక ప్లేటు తిరిగొచ్చింది. క్యాబేజీలో ఉప్పు రెండుసార్లు పడింది. పదకొండేళ్ళలో ఆ గడప దాటిన గిన్నె వెనక్కి రావడం అదే మొదలు. వెనకే మేనేజరు వచ్చాడు. గోడకేసి, పట్టిక అంటించిన చోట ఇంకా ఉన్న నాలుగు జిగురు మచ్చలకేసి చూశాడు.

పెద్దగరిటె ఏప్రనుకి చేతులు తుడుచుకుని ఆయన ఎదురుగా నిలబడింది.

"మళ్ళీ అంటించాలని ఉందా సార్?"

"నేనేమీ అన్లేదు."

"అనకండి. నా పేగులో పుండ్లున్నాయి. తగ్గేదాకా కారం, నూనె, గింజలు నా నోట్లో పడకూడదు. ఇన్నాళ్ళూ మీతో కడుపు బాలేదనే చెప్పాను, ఇవాళ పేరు పెట్టి చెబుతున్నా. నడవా చివరికి కాకుండా స్టోరు పక్కనున్న మరుగుదొడ్డి తాళం నాకివ్వండి. ఈ నెలలో ఇంకో ప్లేటు వెనక్కొస్తే మీ వ్యానుకి నేనే తలుపు తీస్తా."

"నాలుక మీద పడకుండా గిన్నె పోదన్నారుగా అప్పుడు?"

"అన్నాను. ఇప్పుడూ పోదు."

ఆయన జేబులోంచి తాళాలగుత్తి తీసి, అందులోంచి ఒక తాళంచెవి విడదీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

వంటగదిలో అందరూ తలలొంచుకుని ఎవరి పని వాళ్ళు చేస్తున్నట్టు నటించారు. పిన్ని మాత్రం చాకు ఆపి చూస్తోంది. పెద్దగరిటె గరిటె తీసుకుని సరాసరి ఆవిడ బల్ల దగ్గరికే వచ్చింది. వచ్చి, తరిగిన క్యారెట్టు పక్కకి నెట్టి, ఆ గరిటె ఆవిడ ముందు పెట్టింది. ఈ వంటగదిలో ఆవిడ ఆ గరిటె ఇంకొకరి ముందు పెట్టడం ఇదే మొదలు.

"మూడు రోజులుగా మూగనోము పట్టావు. ఇప్పుడేం కావాలే?" అంది పిన్ని.

"పదమూడేళ్ళుగా నా కూరలకి వంకలు పెడుతున్నావు. ఉప్పు ఒక రవ్వ ఎక్కువైతే ప్లేటు చూడకుండానే మూతి తిప్పుతావు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒక్కసారి కూడా నువ్వన్నది తప్పు కాలేదు, అందుకు ఇంకా మండేది."

"ఇప్పుడు తెలిసిందా?"

"అప్పుడే తెలుసు. చెబితే నెత్తికెక్కుతావని చెప్పలేదు." పెద్దగరిటె తన ఎడమ చెయ్యి ఆవిడ ముందు బల్ల మీద పెట్టింది. బొటనవేలి పక్కన ఎర్రబారిన చోట చర్మం మూడు రోజులకే పొడిబారింది. "నీ చెయ్యి చూపించు."

పిన్ని చెయ్యి చాపింది. ముడతలు పడిన ఆ చేతి వెనక ఒక చోట పెద్దగరిటె వేలితో నొక్కి చూపించింది.

"ఇక్కడ వేసుకోవాలి. గరిటె నోటికి తగలకూడదు. ప్రతిసారీ చెయ్యి కడుక్కోవాలి. రేపు పొద్దున ఆరింటికి రా. నేను నయమయ్యి, ఆ డైటమ్మాయి సరే అనేదాకా గిన్నె గిన్నెకీ నా బదులు నువ్వు రుచి చూడు. ఏం తక్కువైందో చెప్పు, ఎంత వెయ్యాలో నేను చూసుకుంటా. ఒక్కటి మాత్రం అడుగుతున్నా పిన్నీ. నా మీద జాలిపడి ఏ రోజూ బావుందని అనకు."